కొమ్మంటే చిన్న చెట్టే

ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్న రోజులలో, డ్రాయింగు మాస్టారు సెలవు పెట్టినప్పుడల్లా ఆ పీరియడు నాకు అప్పగించేవారు. బొమ్మలు గీయడం నాకు రాదు. "ఒక చెట్టు వేయండర్రా" అని పిల్లలను కూర్చోబెట్టి, నేను వ్యాసాల పుస్తకాలు దిద్దుకునేవాణ్ణి. ఒకనాడు ఎనిమిదవ తరగతి కుర్రవాడొకడు కిటికీలోనుంచి చేతికందిన వేపరెమ్మను త్రుంచి, ఆకులు దూసివేసి, బల్లమీద ఇంకుబుడ్డిలో నిలబెట్టి, దానిని చూస్తూ చెట్టు వేశాడు.

"చెట్టు వేయమంటే రెమ్మను వేశావేమిరా?" అన్నాను.

"కొమ్మంటే చిన్న చెట్టే కదండీ మాస్టారూ!" అన్నాడు వాడు.

తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వాను. ఆ పైన ఆ సమాధానం పెడసరంగా ఉన్నదని తోచి, వాణ్ణి బెంచీ ఎక్కించాను. ఆనాడు వాడన్నది ఎంత పాత మాటో, ఎంత లోతైన మాటో నాకు తెలియదు. చిత్రకళా చరిత్రలో ఆ మాట నడిచిన దారిని గూర్చి పదవీ విరమణ తరువాత తీరికగా చదువుకున్నాను. అందులో కొంత ఈ టపాలో వ్రాస్తున్నాను.

ఈ సంగతిని లెక్కకు తెచ్చి కాగితం మీద పెట్టినవాడు, గణితజ్ఞుడికంటె ముందు, ఒక చిత్రకారుడు. లియొనార్డో డావిన్చి (1452-1519) నోటుపుస్తకాలను గూర్చి వినని వారుండరు. ఎడమచేతి వాటం మనిషి. కుడినుంచి ఎడమకు, అద్దంలో చూస్తేగాని చదవడానికి వీలులేని విధంగా వ్రాసుకున్నాడు. వాటిలో ఒకటి, పారిస్‌లో ఫ్రెంచి విద్వత్సంస్థ గ్రంథాలయంలో ఉన్నది. అందులో చెట్టు బొమ్మ ప్రక్కన ఒక చిన్న సూత్రం ఉన్నది. దాని తాత్పర్యం ఇది: చెట్టును ఏ ఎత్తులో చూచినా, ఆ ఎత్తున ఉన్న కొమ్మలన్నిటినీ ఒకచోట చేర్చి కట్టగడితే ఆ కట్ట లావు, క్రింది బోదె లావుకు సమానం. బోదె రెండు కొమ్మలైనా, ఆ రెండూ నాలుగైనా, నాలుగూ నలభై రెమ్మలైనా ఆ మొత్తం మారదు. నదీ ప్రవాహానికీ ఇదే సూత్రం వర్తిస్తుందని ఆయన భావించాడు. పాయలన్నీ ఒకే వేగంతో పారితే, వాటి మొత్తం తల్లి ప్రవాహానికి సమానమట. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలడం, వశిష్ఠ మళ్ళీ వైనతేయను కనడం చూచిన మనవారికి ఈ మాట వింతగా తోచదు.

లియొనార్డో దీనిని వృక్షశాస్త్రంగా వ్రాయలేదు. చిత్రకారులకు పనిముట్టుగా వ్రాశాడు. చెట్టు వేసేవాడికి ఎదురయ్యే మొదటి చిక్కు ఆకులు కాదు. కొమ్మ చీలిన చోట ఎంత సన్నబడాలి అన్నదే. ఎక్కువ సన్నబడితే బోదెకు పుల్లలు గ్రుచ్చినట్లుంటుంది. తక్కువ సన్నబడితే చేతివ్రేళ్ళలాగా ఉంటుంది. పిల్లలు వేసే చెట్లలో ఈ రెండు దోషాలూ తరచు కనిపిస్తాయి.

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. లావు అంటే అడ్డకోత వైశాల్యం అనుకుందాం. అప్పుడు బోదె వ్యాసపు వర్గం, కొమ్మల వ్యాసాల వర్గాల మొత్తానికి సమానం కావాలి. పది అంగుళాల బోదె సమానమైన రెండు కొమ్మలుగా చీలితే ఒక్కొక్కటి ఏడు అంగుళాల పైచిలుకు ఉంటుంది. ఆ కొమ్మ మళ్ళీ చీలితే అయిదు, ఆ పైన మూడున్నర, నాలుగవ చీలిక దగ్గర రెండున్నర. వర్గానికి బదులు ఘనం తీసుకుంటే ఏమవుతుంది? అదే పది అంగుళాల బోదె నాలుగు చీలికల తరువాత ఇంచుమించు నాలుగు అంగుళాల వద్ద ఉంటుంది. కొమ్మలన్నీ బలిసి, చెట్టు గుబురుగా బరువుగా కనిపిస్తుంది. ఒకటిన్నర ఘాతం తీసుకుంటే నాలుగవ చీలికకే ఒకటిన్నర అంగుళాల వరకు దిగిపోయి, చివరలు నాజూకుగా కనిపిస్తాయి. ఈ ఘాతసంఖ్యకు నేటి పరిశోధకులు ఆల్ఫా అని పేరు పెట్టుకున్నారు. లియొనార్డో సూత్రంలో ఆల్ఫా 2 అన్నమాట. 1926లో సెసిల్ ముర్రే అనే అమెరికన్ శరీరశాస్త్రజ్ఞుడు రక్తనాళాల చీలికలకు 3 అని తేల్చాడు.

చెట్లు నిజంగా లియొనార్డో మాట వింటాయా? చాలా మట్టుకు వింటాయి, కచ్చితంగా కాదు. ఎందుకు వింటాయన్నది చాలాకాలం వివాదంగా ఉన్నది. బోదె అంటే వేరునుంచి ఆకు దాకా రసం మోసే సన్నని గొట్టాల కట్ట, పైకి పోయేకొద్దీ కట్ట విడిపోతుంది, గొట్టాల లెక్క మాత్రం మారదు అని 1964లో జపాను శాస్త్రజ్ఞులు ఒక నమూనా ప్రతిపాదించారు. 2011లో క్రిస్టోఫ్ ఎలోయ్ అనే ఫ్రెంచి భౌతికశాస్త్రజ్ఞుడు అది కాదన్నాడు. గాలి తాకిడికి ఏ చోటనైనా విరిగే అవకాశం సమానంగా ఉండేటట్లు చెట్టు తనను తాను కట్టుకుంటే, లియొనార్డో సూత్రం దానంతట అదే వస్తుందని లెక్కగట్టి చూపాడు. నాకు ఈ రెండవది నచ్చింది. తుపానులో తలలూపే చెట్లను చూస్తూ పెరిగినవాణ్ణి కావడంవల్ల కాబోలు.

కుర్రవాడి మాటకు వస్తాను. కొమ్మ చెట్టును పోలి ఉంటుంది, రెమ్మ కొమ్మను పోలి ఉంటుంది. అంశం అంశిని పోలి ఉండే ఈ గుణాన్ని స్వసాదృశ్యం అనవచ్చును. మన మాటలలోనే ఈ సంగతి దాగి ఉన్నది. శాఖనుంచి పుట్టినది ప్రశాఖ. పేరులోనే తల్లి పేరు ఇమిడి ఉన్నది. అమరసింహుడు వనౌషధివర్గంలో వేరునుంచి కొమ్మ దాకా ఉన్న భాగానికి ప్రకాండమని, స్కంధమని పేర్లు చెప్పి, స్కంధంనుంచి పుట్టిన పెద్దకొమ్మకు స్కంధశాఖ అన్నాడు. స్కంధమంటే భుజం కూడాను.

ఈ భుజం దగ్గర నాకు ఒక అలంకారశాస్త్ర వివాదం గుర్తుకు వస్తుంది. వస్తువు స్వభావాన్ని ఉన్నదున్నట్లు చెప్పడం స్వభావోక్తి. దండి దానిని అలంకారాలలో మొదటిదిగా నిలిపాడు. వక్రోక్తిజీవితం వ్రాసిన కుంతకుడు ఒప్పుకోలేదు. స్వభావమంటే వస్తువు శరీరం, శరీరమే అలంకారమైతే అది దేనిని అలంకరిస్తుంది, ఎవడూ తన భుజం మీద తానే ఎక్కలేడు కదా అని ఆయన వాదం. పండిత పరీక్షకు చదివే రోజులలో కుంతకుడే గెలిచాడని నాకు అనిపించేది. ఇప్పుడు పెరటిలో చెట్టును చూస్తే, అది చేస్తున్న పని సరిగ్గా ఇదే. ప్రతి స్కంధం మీదా తానే మళ్ళీ ఎక్కి నిలబడుతున్నది. కుంతకుడు అసంభవమన్న దానిని వేపచెట్టు రోజూ చేస్తున్నది. ఆయన తర్కాన్ని ఇది ఖండించదు. అయినా చెట్టును వేసే చిత్రకారుడి విషయంలో స్వభావమే అలంకారమన్న దండి పక్షాన ఒక సాక్షి దొరికినట్లయింది.

స్వసాదృశ్యానికి గణితంలో పెద్దపీట వేసినవాడు బెన్వా మాండెల్‌బ్రాట్ (1924-2010). ఆయన కథ ఇప్పటికే పలువురు వ్రాశారు గనుక క్లుప్తంగా చెబుతాను. యుద్ధాలకు కారణాలు వెతుకుతూ దేశాల సరిహద్దుల పొడవులు పోల్చిన రిచర్డ్‌సన్ అనే ఆంగ్లేయుడికి, స్పెయిన్ తన పోర్చుగల్ సరిహద్దును 987 కిలోమీటర్లనీ, పోర్చుగల్ అదే సరిహద్దును 1214 కిలోమీటర్లనీ చెప్పుకోవడం కనిపించింది. చిన్న కొలబద్దతో కొలిస్తే మరిన్ని వంకరలు లెక్కకు వచ్చి పొడవు పెరుగుతుంది. ఈ సంగతిని పట్టుకొని మాండెల్‌బ్రాట్ 1967లో బ్రిటన్ తీరం పొడవెంత అనే ప్రసిద్ధ వ్యాసం వ్రాశాడు. విరిగినది అనే అర్థమున్న లాటిన్ మాటనుంచి 1975లో ఫ్రాక్టల్ అన్న పేరు పుట్టించాడు. 1982 నాటి ఆయన గ్రంథంతో ఆ పేరు లోకమంతా ప్రాకింది. అదే సంవత్సరం ఒక హాలీవుడ్ సినిమాలో, గణితసూత్రాలతో కంప్యూటరు పుట్టించిన కొండలు తెరమీదికి వచ్చాయి.

చెట్ల విషయంలో మాత్రం మాండెల్‌బ్రాట్ కంటె అరిస్టిడ్ లిండెన్‌మేయర్ అనే జీవశాస్త్రజ్ఞుడు నాకు ఆప్తుడుగా తోస్తాడు. ఎందుకంటే ఆయన వ్రాసినది వ్యాకరణం. 1968లో ఆయన చూపిన పద్ధతిలో ఒక అక్షరానికి బదులు ఒక అక్షరాల వరుస ఆదేశంగా వస్తుంది, ఆ వరుసలోని అక్షరాలకు మళ్ళీ ఆదేశాలు. నాలుగైదు ఆవృత్తులు తిరిగేసరికి ఆ అక్షరాలను గీతలుగా మార్చి గీస్తే చెట్టు నిలబడుతుంది. సంధి సూత్రాలు చెప్పి బ్రతికినవాడికి ఇది పరాయి విద్యగా కనిపించదు. ఇటువంటి రచనా వ్యాకరణాలకు దక్షిణదేశపు ముగ్గు పెద్ద ఉదాహరణ అయింది. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వారితో కమలా కృతివాసన్ కలిసి 1974లో కోలముల మీద వ్రాసిన పత్రం నేటికీ ఉదహరింపబడుతున్నది. ధనుర్మాసంలో మన వాకిళ్ళలో చుక్కలు పెట్టి మెలికలు తిప్పే అమ్మాయిలకు ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో!

ఇక ఈ టపాకు అసలు ప్రేరణ అయిన జాలి కిటికీ దగ్గరకు వద్దాము. అహమ్మదాబాదులో భద్రకోట దాపున, లాల్ దర్వాజా వద్ద సిదీ సయ్యద్ మసీదు ఉన్నది. చిన్న కట్టడం. గుజరాతు సుల్తానుల చివరి రోజులలో, 1572-73లో, అబిసీనియానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన హబ్షీ ప్రముఖులలో ఒకడైన సిదీ సయ్యద్ దీనిని కట్టించాడు. ఆ వెంటనే గుజరాతు అక్బరు వశమైంది. తరువాతి కాలంలో ఇంగ్లీషువారు దీనిని సర్కారు కచేరీగా వాడుకున్నారు. కర్జన్ జోక్యంతో ఆ కచేరీ వెళ్ళిపోయింది. పడమటి గోడలో అర్ధచంద్రాకారపు తోరణాల క్రింద రాతిజాలీలున్నాయి. వాటిలో లోకప్రసిద్ధమైన జాలీలో ఒక చెట్టు. సన్నని బోదెనుంచి కొమ్మలు మెలికలు తిరుగుతూ, ఒకదానిలో ఒకటి దూరుతూ, తోరణమంతా నిండిపోయాయి. నడుమ ఖర్జూరం వంటి తాళజాతి చెట్లు తలలెత్తి ఉంటాయి. అహమ్మదాబాదులోని ప్రసిద్ధ మేనేజిమెంటు విద్యాసంస్థ చిహ్నానికి ప్రేరణ ఇదే.

ద్వారక యాత్రనుంచి వస్తూ మా దంపతులం అక్కడ ఒక సాయంకాలం ఆగాము. పడమటి ఎండ రాతిలోనుంచి లోపలికి వస్తున్నది. రాయి నల్లగా, ఖాళీలు వెలుగుగా ఉన్నాయి. నేను లతల అందం చూస్తున్నాను. మా ఆవిడ మాత్రం, "చివరి తీగ కూడా విరగకుండా ఎట్లా చెక్కాడో!" అన్నది. శిల్పికి ఉన్న చిక్కు సరిగ్గా అదే. చెట్టు అనిపించాలంటే చివరలు సన్నబడాలి. మరీ సన్నబడితే రాయి విరుగుతుంది. తోరణంలో ఎక్కడా పెద్ద ఖాళీ మిగలకూడదు. ఈ మూడు నిర్బంధాల నడుమ అతడు ఒక నిష్పత్తిని కనుగొన్నాడు. పెద్దకొమ్మనుంచి తీగ దాకా సన్నబడే క్రమం కంటికి ఎక్కడా తట్టుకోదు. ఆ కొమ్మలు ఏ చెట్టువీ కావు. అటువంటి మెలికలు తిరిగే చెట్టు ప్రకృతిలో లేదు. అయినా చూచిన ప్రతివాడూ చెట్టు అంటాడు.

జింగీ గావో, మిచెల్ న్యూబెర్రీ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంగతినే కొలిచి 2025లో ప్రకటించారు. వారు ఈ జాలీలోని కొమ్మల లావులు కొలిచారు, జపాను ఎదో కాలపు చిత్రకారుడు మత్సుమురా గోషున్ వేసిన చెర్రీ పూలచెట్టును కొలిచారు, ఇరవయ్యవ శతాబ్దపు ఐరోపా చిత్రాలను కొలిచారు. వీటిలో ఆల్ఫా విలువలు 1.5 నుంచి 2.8 వరకు వచ్చాయి. నిజమైన చెట్లలో కనిపించే విలువలు కూడా ఆ మేరలోనే ఉంటాయి. దేశం వేరు, కాలం వేరు, ఒకటి రాయి, ఒకటి సిరా, ఒకటి తైలవర్ణం. సన్నబడే క్రమం మాత్రం చెట్టుదే.

ఈ మాట వ్రాయగానే నాకు ఒక భయం. "చూశారా, ఆధునిక గణితం ఇప్పుడు కనుగొన్నది మనవాళ్ళకు అయిదువందల ఏళ్ళ క్రితమే తెలుసు" అని ఎవరైనా అంటారేమోనని. తెలుగు బ్లాగులలో ఈ ధోరణి మనకు బాగా పరిచయమైనదే. ఆ శిల్పికి ఘాతసంఖ్యలు తెలిసి ఉండవలసిన అవసరమేమీ లేదు. లియొనార్డో సూత్రం అతని దాకా వచ్చిందనడానికీ ఆధారం లేదు. ఇద్దరూ చెట్టును చూచారు, అంతే. ఛందస్సు సూత్రాలు పుట్టకముందే పాట ఉన్నది. లక్ష్యం ముందు, లక్షణం వెనుక. శిల్పి ఉలిలో గణితం ఉన్నదని చెప్పడంకంటె, అతని కన్ను చెట్టు దగ్గర చదువుకున్నదని చెప్పడం అతనికి ఎక్కువ గౌరవం. మరొక సంగతి, చెట్టు గణితజ్ఞులు చెప్పే అసలైన ఫ్రాక్టల్ కాదు. కాగితం మీది ఫ్రాక్టల్ ఎంత చిన్నదిగా చూచినా ఆగదు. చెట్టు పదీ పన్నెండు చీలికలకు ఆకు దగ్గర ఆగిపోతుంది. ఆకు ఈనెలలో మళ్ళీ వేరొక ఆట మొదలవుతుంది.

ఆ పరిశోధనలో నన్ను అన్నిటికంటె పట్టి నిలిపినది డచ్చి చిత్రకారుడు పీట్ మాండ్రియాన్ కథ. 1872లో ఆమర్స్‌ఫోర్ట్‌లో పుట్టాడు. బడిపంతులు కొడుకు, తానూ డ్రాయింగు మాస్టరు పరీక్ష ప్యాసైనవాడే. తెల్లని నేపథ్యం మీద నల్లని అడ్డుగీతలు, నిలువుగీతలు, ఎరుపు, నీలం, పసుపు గళ్ళు అనగానే గుర్తుకు వచ్చే మాండ్రియాన్ ఈయనే. అక్కడికి ఆయన చెట్టుమీదుగా నడిచి వెళ్ళాడు.

1908-10 నడుమ వేసిన సాయంకాలపు ఎర్రచెట్టులో నీలి నేపథ్యం మీద ఒక ఆపిల్ చెట్టు మంటలాగా వంగి ఉంటుంది. రంగు అబద్ధం, చెట్టు నిజం. 1911 శరత్కాలంలో ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్రాక్, పికాసోల చిత్రాలు చూచాడు. ఆ సంవత్సరమే బూడిదచెట్టు వేశాడు. అందులో కొమ్మలు ఒకదానినుంచి ఒకటి పుట్టవు. చాపరేఖలు విడివిడిగా తేలుతూ ఉంటాయి. ఏ రేఖ ఏ కొమ్మకు సంతానమో పోల్చుకోలేము. కాని నడుమ రేఖలు బలంగా, అంచుల వైపు పోయేకొద్దీ సన్నగా ఉంటాయి. కొలిస్తే ఆ సన్నబడే క్రమం నిజమైన చెట్టుదేనని తేలింది. అందుకే శీర్షిక చదవకపోయినా మనకు అది చెట్టు. ఆ మరుసటి సంవత్సరం, 1912లో, పూచిన ఆపిల్ చెట్టు వేశాడు. అవే చాపరేఖలు, ఇంచుమించు అదే అమరిక. గీతలన్నీ మాత్రం ఇంచుమించు ఒకే మందం. శీర్షిక చెరిపివేస్తే అది చేపల గుంపు కావచ్చు, కనురెప్పలు కావచ్చు. చెట్టు మాయమైంది.

ఈ మూడు చిత్రాలూ హేగ్ నగరంలోని కళాప్రదర్శనశాలలో ఉన్నాయి. కంప్యూటరు తెరమీద నేను వాటిని ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టుకొని చాలాసేపు చూచాను. చెట్టులో చెట్టుదనం ఎక్కడ ఉన్నది? ఆకులు తీసివేసినా ఉన్నది. రంగు మార్చినా ఉన్నది. చివరకు కొమ్మకూ కొమ్మకూ మధ్య అతుకు త్రెంచినా ఉన్నది. లావుల క్రమాన్ని చెరిపివేయగానే పోయింది. మాండ్రియాన్ దానిని తెలిసి చెరిపాడో, వేరొకటి వెతుకుతూ పోగొట్టుకున్నాడో నేను చెప్పలేను. ఆ తరువాత ఆయనకు దాని అవసరం లేకపోయింది. స్వభావోక్తి పక్షపాతినైన నాకు 1911 నాటి బూడిదచెట్టే మిన్న. గళ్ళ చిత్రాలను మెచ్చేవారు నన్ను మన్నించాలి.

ఇంకుబుడ్డిలో వేపరెమ్మ నిలబెట్టిన కుర్రవాడు వేసిన చెట్టు ఎలా ఉన్నదో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాను. రెమ్మ గుర్తున్నది, ఇంకుబుడ్డి గుర్తున్నది, వాడు బెంచీ మీద తలవంచుకొని నిలబడడం గుర్తున్నది. బొమ్మ గుర్తు లేదు. నేను దానిని సరిగా చూడనే లేదు.

మొన్న ఆదివారం టేపు పట్టుకొని మా పెరటి వేపచెట్టు దగ్గరకు పోయాను. చీలికకు దిగువన బోదె చుట్టుకొలత 44 అంగుళాలు. పైన రెండు కొమ్మలు, ఒకటి 33, ఒకటి 26. చుట్టుకొలతలతోనూ లియొనార్డో లెక్క అదే. బోదె వర్గం 1936. కొమ్మల వర్గాలు 1089, 676, మొత్తం 1765. నూటికి తొమ్మిది పాళ్ళు తక్కువ వచ్చింది. చెట్టు తప్పా, నా టేపు తప్పా అని మళ్ళీ కొలిచాను. అవే అంకెలు. వాకిట్లోనుంచి చూస్తున్న మా ఆవిడ అన్నది: "అక్కడ మూడో కొమ్మ ఉండేది కాదుటండీ? కరెంటు తీగలకు తగులుతోందని కొట్టించాం." చూస్తే నిజమే. కొట్టిన చోట మచ్చ ఉన్నది. చుట్టూ బెరడు కమ్ముకొని, కొలవడానికి అంచు దొరకలేదు.